ఆఖరి ఓవర్‌కు కన్నీటి నివాళి

నేను ఒక ఫ్లెక్సీని. ముక్కు చిట్లించకండి. మీ ఊరి సెంటర్లో మూడు దారులకూ అడ్డంగా నిలబడి, ట్రాఫిక్ సిగ్నల్‌ని కూడా కనపడనీయకుండా పళ్లికిలించేది నా జాతే. నాయకుడి పుట్టినరోజుకీ మేమే, ఓణీల ఫంక్షన్‌కీ మేమే, పెద్దాయన దశదిన కర్మకీ మేమే. పక్కవీధిలో మనిషి పోయాడంటే మీరు వెళ్లి చూసి రారు, సెంటర్లో ఫ్లెక్సీ పడిందా లేదా అని అడుగుతారు. పడితే పోయినట్టు, పడకపోతే ఇంకా ఆస్పత్రిలో ఉన్నట్టు. మీ కళ్లకంటే, చెవులకంటే మా మీద మీకు గురి ఎక్కువ. ఆ గురి ఎంత గుడ్డిదో నా ఒంటి మీదే రుజువైంది. అందుకే చెబుతున్నాను, వినండి.

నేను పుట్టింది తణుకులో, శ్రీవారాహి డిజిటల్స్ అనే కొట్టులో. అంతకు ముందు తెల్లటి చుట్టగా, ఏ పాపమూ ఎరగకుండా యంత్రానికి తగిలించి ఉండేదాన్ని. కొట్టు మేరీరత్నం గారిది. కంప్యూటరు ముందు కూర్చుని డిజైన్లు చేసేది ఆవిడే, నా మీద రంగు సరిగ్గా పడుతోందా అని వంగి చూసేదీ ఆవిడే. ఆవిడ దగ్గర అన్నిటికీ తయారుగా నమూనాలుండేవి. పుట్టినరోజుకైతే మనిషి వెనకాల మెరుపులు, చావుకైతే వెనకాల మబ్బులు. మనిషి జీవితానికి ఇంతకు మించి తేడా లేదని నాకు అక్కడే తెలిసింది.

ఒక ఆదివారం సాయంత్రం ఆ కొట్టులోకి డెల్టా డైనమైట్స్ అభిమాన సంఘం దిగింది. డెల్టా డైనమైట్స్ అంటే కోస్తా క్రికెట్ లీగ్‌లో ఈ ప్రాంతానికి చెందిన జట్టు. పేరులో తప్ప ఎక్కడా పేలిన దాఖలా లేదు. పోయిన సీజన్‌లో పట్టికలో అట్టడుగున చేరి, అక్కడే కాపురం పెట్టింది. సంఘం అధ్యక్షుడు పెచ్చెట్టి గంగరాజు. ఎరువుల కొట్టు యజమాని. ఆయన జీవితంలో క్రికెట్ బంతి పట్టుకున్నది ఒకే ఒక్కసారి, పక్కింటి పిల్లల బంతి పెరట్లో పడితే తిరిగివ్వనని దాచినప్పుడు. ఆయన వెంట లెక్కల ట్యూషన్లు చెప్పే శేషగిరి మాస్టారు. ఏ ఆటగాడు ఏ ఊళ్లో ఎన్ని పరుగులు తీశాడో మాస్టారు నిద్రలో కూడా చెబుతారు. ఆట చూస్తున్నంతసేపూ తలొంచుకుని ఫోన్లో అంకెలు చూస్తారు గనక ఆట మాత్రం ఎప్పుడూ చూడలేదు. వీళ్ల వెనక మరో అయిదారుగురు, వీళ్లేమంటే అదే అనడానికి.

ఆ సాయంత్రం లీగ్‌లో ఆటగాళ్ల ఎంపిక టీవీలో వస్తోంది. ఇందులో వేలంపాట లేదు. జట్లు వంతులవారీగా తమకు కావలసినవాణ్ణి పిలుచుకోవాలి. అందరికంటే అట్టడుగున ఉన్నవాళ్లకు జాలితో మొదటి పిలుపు ఇస్తారు. ఆ జాలిని గంగరాజు ఘనత అనుకున్నాడు. మొదటి పిలుపు మనదే కాబట్టి సిక్సర్లు కొట్టే విక్రాంత్ సోలంకి మనవాడే అని ముందే తేల్చేశాడు. స్వాగతం ఫ్లెక్సీ కూడా తయారైపోయింది. సోలంకి డైనమైట్ కట్ట మీద కూర్చుని నిప్పులు కక్కుతుంటే, పక్కనే నల్ల కళ్లద్దాలతో గంగరాజు నిలబడ్డాడు. సోలంకికంటే గంగరాజు రవ్వంత పెద్దగా ఉన్నాడు. అలాగే ఉండాలని ఆయన మేరీరత్నం గారితో రెండుసార్లు చెప్పి మరీ పెంచుకున్నాడు. ఇంక మీట నొక్కడమే తరువాయి. నేను యంత్రం మీద ఒళ్లు బిగించుకుని సిద్ధంగా ఉన్నాను.

టీవీలో కోటు వేసుకున్న మనిషి కాగితం విప్పి చదివాడు. కొల్లాటి నూకరాజు, నర్సాపురం డిగ్రీ కాలేజీ.

నూకరాజు ఎవరని ఒకడడిగాడు. మాస్టారు ఫోన్‌లో వెతికి, కాలేజీల పోటీల్లో ఆఖరి రెండు ఓవర్లు మాత్రమే వేసే బౌలరని చెప్పారు. అంతకు ముందు బంతి ముట్టుకోడట, బ్యాటు పట్టుకోవడం అసలే రాదట. అప్పుడు మొదలైంది శాపనార్థాల వాన. జట్టు యజమానికి మతి పోయిందన్నారు. కోచ్‌కి ఆ కుర్రాడు చుట్టమై ఉంటాడన్నారు. ఆఖరి రెండు ఓవర్లదాకా మ్యాచ్ మిగిలుంటేగా వాడు వేసేది, మనవాళ్లు పదో ఓవర్‌కే చాప చుట్టేస్తారుగా అని ఒకడు ఏడ్చినంత పని చేశాడు. ఆ ఒక్కమాటా నిజమే. "పెళ్లికని పిలిచి, ఎంగిలాకులు తీసేవోణ్ణి పీటల మీద కూర్చోబెట్టారండి," అన్నారు శేషగిరి మాస్టారు, అందరూ ఆహా అన్నారు. ఆ కుర్రాడు బంతి వేయడం చూసినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. మీ తీర్పులకు చూడటం అవసరం లేదని నాకప్పుడే అర్థమైంది.

గంగరాజుకు కడుపు మండింది. స్వాగతం ఫ్లెక్సీ కట్టిపెట్టి, అదే కొలతకు కన్నీటి నివాళి వేయమన్నాడు. ఎవరికండీ అని మేరీరత్నం గారడిగితే, మా జట్టుకి, ఇవాళ్టితో పోయిందిగా అన్నాడు. ఆవిడ మబ్బుల నమూనా తెరిచి, గుండ్రటి చట్రంలో జట్టు గుర్తు పెట్టబోయి ఆగింది. ఆ గుర్తు బొమ్మ అగ్గిపెట్టెంత చిన్నది. ఫ్లెక్సీ మీదికి లాగితే పగిలిపోతుందని చెప్పింది.

"అయితే ఆ కుర్రోడి మొహం పెట్టెయ్యండి. ఆడి వల్లేగా పోయింది," అన్నాడు గంగరాజు.

"బతికున్న పిల్లోడండి."

"తమాషాకండి బాబూ. సదివినోడికి తెలీదా ఏంటి?"

చదివినవాడికి తెలుస్తుంది, నిజమే. ఈ ఊళ్లో ఫ్లెక్సీ చదివే మనిషెవరో ఆయన చెప్పలేదు. మేరీరత్నం గారు ఒక నిమిషం చేతులు కట్టుకుని కూర్చుంది, ఆ తర్వాత ఆవిడా పని మొదలెట్టింది. నేను ఆవిణ్ణి కూడా వదిలిపెట్టను. కాలేజీవాళ్లు మంచి కెమెరాతో తీసిన ఫొటో ఒకటి దొరికింది. తెల్లచొక్కా, గుండీ మెడదాకా పెట్టుకుని, నవ్వాలా వద్దా అని తేల్చుకోలేని మొహం. ఆ మొహం చుట్టూ చామంతుల దండ, పైన తాటికాయలంత అక్షరాల్లో కన్నీటి నివాళి. కింద చీమతలకాయలంత అక్షరాల్లో 'మా డెల్టా డైనమైట్స్ జట్టు ఆశలకు' అని. దాని కింద మరణం అని రాసి ఆ ఆదివారం తేదీ. అట్టడుగున శోకతప్త హృదయాలతో అంటూ గంగరాజు, మాస్టారు, తక్కిన భక్తబృందం వరసగా. అందరికీ నల్ల కళ్లద్దాలే. శోకంలో కూడా కళ్లద్దాలు తీయకపోవడం మీవాళ్ల ఆచారం.

మర్నాడు పొద్దున్నే నన్ను సెంటర్లో జ్యూస్ కొట్టు ఎదురుగా కట్టారు. నేను మొదటిసారి లోకాన్ని చూశాను, లోకం నన్ను చూసింది. అయ్యో పాపం, కుర్రోడే అంది. చిన్న అక్షరాల దాకా దిగినవాడు ఒక్కడు లేడు. పూలమ్మే ఆవిడ మోటారుసైకిల్ ప్రమాదమంది. ఆటో అతను కాదు కాలవలో పడ్డాడన్నాడు. మధ్యాహ్నానికి గుండెపోటు దగ్గర స్థిరపడింది, ఈ మధ్య కుర్రాళ్లకు బాగా వస్తోంది కదా అని. జ్యూస్ కొట్టులో గంగరాజూ బృందమూ బత్తాయి రసం తాగుతూ ఇదంతా విని పడీపడీ నవ్వారు. మనం నవ్వించడానికి వేస్తే జనం ఏడుస్తున్నారని ఒకడంటే, అదే మన క్రియేటివిటీ అన్నాడు గంగరాజు. ఆ మాటకు అర్థం ఆయనకు తెలుసో లేదో గాని, ఆ రోజంతా దాన్ని వదల్లేదు.

ఆ మర్నాడు, ఎండ ఇంకా చురుక్కుమనకముందు, నర్సాపురం నుంచి రాజమండ్రి వెళ్లే ఆర్టీసీ బస్సు సెంటర్లోకి తిరిగింది. తిరిగి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక లారీలు హారన్ కొట్టాయి, ఆటోలు తిట్టాయి. డ్రైవరు తలుపు తీసుకుని దిగాడు. ఇంజను ఆపలేదు. ఖాకీ చొక్కా, నెరిసిన మీసం, కాళ్లకు చెప్పులు లేవు, పెడల్ దగ్గరే వదిలేసినట్టున్నాడు. నా దాకా నడిచొచ్చి తలెత్తి నిలబడ్డాడు. ఆయన పేరు కొల్లాటి పెద్దిరాజు. నూకరాజు తండ్రి.

నా పక్కన కొబ్బరిబోండాలు కొట్టేవాణ్ణి చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఎప్పుడు జరిగిందండి?"

"మొన్న ఆదివారం అని ఏశారు కదండీ," అన్నాడు బోండాలతను, కత్తి పక్కన పెట్టి.

"నిన్న సాయంత్రం మాట్టాడేడండి నాతో. దగ్గుతా ఉన్నాడు. మాట్టాడేడు."

బోండాలతను నా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, ఇద్దరిలో నన్నే నమ్మాడు. "అయితే తేదీ తప్పు పడుంటదండి. రేత్రి అయ్యుంటది," అన్నాడు.

చూశారా? కొడుకు గొంతు చెవిన పడి ఒక రోజు కూడా గడవలేదు. ఆ గొంతు అబద్ధం, నా మీద రంగు నిజం. బోండాలతని సంగతి సరే, తండ్రి కూడా నన్నే నమ్మాడు. నేను నా జన్మలో మొట్టమొదట సిగ్గుపడింది అప్పుడే. పెద్దిరాజు ఫోన్ తీసి కొడుక్కి చేశాడు. నూకరాజు చేరిన జట్టు శిబిరంలో పొద్దున్న ఆటగాళ్ల ఫోన్లు లాగేసుకుని సాయంత్రం ఇస్తారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, కొడుకే చెప్పాడు. అయినా స్విచ్చాఫ్ అన్న మాట వినగానే ఆ పెద్దమనిషి నా స్తంభాన్ని పట్టుకుని జారి కింద కూర్చుండిపోయాడు. ఆయన ఏడుపు పెద్దగా లేదు. దెబ్బ తగిలిన మనిషి మొదట ఊపిరి కోసం వెతుక్కుంటాడే, అలా ఉంది.

బస్సులోంచి జనం దిగారు. కండక్టరమ్మ ధనకుమారి స్వీటు డబ్బా చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. కొడుకు జట్టులోకి ఎంపికయ్యాడని పెద్దిరాజు ఆ పొద్దున డిపోలో అందరికీ కాజాలు పంచి, మిగిలినవి దారి పొడుగునా ప్రయాణికులకు పంచుతున్నాడట. డబ్బాలో ఇంకా సగం ఉన్నాయి. ఆ సంగతి తెలిసి జనం మరీ తల్లడిల్లిపోయారు. జ్యూస్ కొట్టతను కుర్చీ తెచ్చాడు. ఎవరో నా స్తంభానికి అగరొత్తులు గుచ్చారు. ఎవరో నిజం చామంతుల దండ తెచ్చి, నా మీది దండకు అందక కింద మేకుకు తగిలించారు.

అక్కణ్ణుంచి జరిగింది వినండి. గంటసేపట్లో నూకరాజు ఈ ప్రాంతం కన్న మహావీరుడైపోయాడు. వాడు ఆఖరి ఓవర్ వేస్తే బ్యాటు పట్టినవాడికి బంతి కనపడేది కాదట. అంత నెమ్మదస్తుణ్ణి చూడలేదట. చూడనే లేదన్నది మాత్రం నిజం. శేషగిరి మాస్టారు ట్యూషన్ మధ్యలో ఆపి వచ్చి, ఆఖరి ఓవర్లలో నూకరాజు సగటు చెప్పి, ఇలాంటివాణ్ణి మొదటి పిలుపుకే పట్టిన జట్టు యాజమాన్యం ముందుచూపు సామాన్యమైంది కాదన్నారు. ఆదివారం ఎంగిలాకులు తీసేవాడన్న నోరే అది. అంకెలు కూడా అవే. మనిషి చస్తే అంకెలకు విలువ పెరుగుతుందని మాస్టారు ఏ పిల్లలకూ చెప్పి ఉండరు.

గంగరాజు ఆలస్యంగా వచ్చాడు. జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, కింద కూర్చున్న ఖాకీ మనిషిని చూశాడు. సంగతి బోధపడింది. మొహం తెల్లబోవడం నేను పైనుంచి స్పష్టంగా చూశాను. అయ్యా ఇది వట్టి తమాషా, మీ అబ్బాయి బతికే ఉన్నాడు అంటే సరిపోయేది. నోరు తెరిచాడు కూడా. ఒకసారి చుట్టూ చూశాడు. బస్సెడు జనం, లారీ డ్రైవర్లు, కొబ్బరిబోండాల కత్తి. నిజం చెబితే తంతారు, ఏడిస్తే ఓదారుస్తారు. తెరిచిన నోరు ఏడుపుకు వాడుకున్నాడు. పెద్దిరాజు పక్కన చతికిలబడి, భుజం మీద చెయ్యేసి, "మీ అబ్బాయి కాదండి, మా తమ్ముడు పోయాడు," అన్నాడు. కళ్ల నీళ్లు వచ్చాయి కూడా. అవి ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఆ ఎరువుల దేవుడికే తెలియాలి. ఛీ అనుకున్నాను. నా మీద అచ్చేసిన ఆయన మొహం కూడా నాకు దురదపెట్టింది.

ధనకుమారి మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. డిపోకు చేసింది. డిపోవాళ్లు నర్సాపురం కాలేజీకి, కాలేజీవాళ్లు వ్యాయామ మాస్టారికి, ఆయన శిబిరంలో కోచ్‌కి. సెంటర్లో ఎండ ముదిరింది. బస్సు ఇంకా నడిరోడ్డు మీదే గుర్రుమంటోంది. అప్పుడు ధనకుమారి ఫోను మోగింది. ఆవిడ విని, దాన్ని పెద్దిరాజు చెవికి ఆనించి, స్పీకర్ నొక్కింది.

"నాన్నా, బండి రోడ్డు మీద ఆపేశావంటేంటి? టైం దాటిపోద్ది కదా."

ఆ గొంతు సెంటరంతా వినపడింది. పెద్దిరాజు ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. కొడుకు అవతల నాన్నా నాన్నా అంటున్నాడు. చివరికి వచ్చిన మాట ఇదీ.

"ఏం తిన్నావురా నూకా?"

"ఇడ్లీ నాన్నా."

"దగ్గు?"

"తగ్గింది."

"మందేసుకో," అన్నాడు, ఫోన్ ధనకుమారికి ఇచ్చేశాడు. ఖాకీ చొక్కా చేతితో మొహం తుడుచుకుని, పైకి లేచాడు. భుజం మీది చెయ్యి తీయకుండానే గంగరాజూ లేచాడు.

ఇప్పుడు జనం ఆనందంతో కేకలు వేయాలి కదా. లేదు. ఒక నిట్టూర్పు వచ్చింది. సినిమా మధ్యలో కరెంటు పోతే వస్తుందే, అలాంటిది. ఫోన్లో సంతాపం పెట్టినవాడు దాన్ని తీసేయాలా వద్దా అని పక్కవాణ్ణి అడిగాడు. దండ తెచ్చినతను మేకు మీంచి దండ తీసుకుని వెళ్లిపోయాడు. శేషగిరి మాస్టారు ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "అయితే ఆఖరి ఓవర్ ఆడే ఏస్తాడన్నమాట," అన్నారు దిగులుగా. మహావీరుడు ఊపిరి పీల్చిన మరుక్షణం మళ్లీ ఎంగిలాకులవాడైపోయాడు.

పెద్దిరాజు తలెత్తి మళ్లీ నన్ను చూశాడు. ఇది ఎవరు వేయించారని అడిగాడు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆయన చూపు నా మీద పైనుంచి కిందికి దిగి, కళ్లద్దాల వరస దగ్గర ఆగింది. మొదటి మొహం దగ్గర ఆగింది. ఆ తర్వాత తన భుజం మీద ఇంకా ఉన్న చేతిని చూశాడు, ఆ చేతి వెంట పైకి, ఆ మనిషి మొహం దాకా.

గంగరాజు చెయ్యి తీసేశాడు. తీసినా నోరు ఊరుకోలేదు. "మీవోడి మంచికేనండి. కాకి తంతే చావు కబురు పంపుతారు కదా మనలో. అయినవాళ్లు ఏడిస్తే దోషం పోద్దని. మీరు ఏడిచేశారు, ఇంక మీవోడికి నూరేళ్లు," అన్నాడు. కాకి తలమీద తన్నితే కీడు, బంధువులకు అబద్ధపు చావు కబురు పంపి ఏడిపిస్తే ఆ కీడు పోతుందని మీ నమ్మకం. దాన్ని ఇలా వాడుకోవచ్చని మీ తాతలు కూడా ఊహించి ఉండరు. బస్సులోంచి దిగిన ముసలావిడ ఒకతె ఆగలేకపోయింది.

"కాకి తన్నిందేంట్రా ఆ పిల్లోణ్ణి?"

"తన్నకముందేనండి. ముందుజాగ్రత్త," అన్నాడు గంగరాజు.

పెద్దిరాజు ఆయన్ని కొడతాడని నేను ఆశపడ్డాను. కొట్టలేదు. బోండాలతని దగ్గరికెళ్లి కత్తి ఓసారి ఇవ్వమన్నాడు. గంగరాజు నాలుగడుగులు వెనక్కేశాడు. పెద్దిరాజు ఆయన వైపు చూడనైనా లేదు. కత్తి పట్టుకుని బస్సెక్కి, బండిని వెనక్కీ ముందుకీ కొట్టి నా పక్కన ఆనించి, బస్సు వెనకున్న నిచ్చెన మెట్లమీదుగా టాపు మీదికెక్కి, నాకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

అంత దగ్గరగా నన్ను చూసిన మనిషి ఆయనొక్కడే. దగ్గరికొస్తే నా మీద బొమ్మ ఉండదు, రంగు చుక్కలుంటాయి. ఆయన ఆ చుక్కలనే కాసేపు చూశాడు. రెండు రోజుల దుమ్మును కొడుకు బుగ్గ మీంచి చేత్తో తుడిచాడు. ఆ తర్వాత కత్తి మొన దించి, దండకు లోపలగా, దండలో ఒక్క రేకు కూడా రాకుండా, మొహం చుట్టూ గుండ్రంగా కోశాడు. నొప్పి పుట్టింది నాకు, అయినా బాగుంది. ఆ ముక్కను చుట్టచుట్టి చంకలో పెట్టుకుని దిగి, కత్తి బోండాలతనికి ఇచ్చేసి, గంగరాజు ముందు ఆగాడు.

"మావోణ్ణి నేను పట్టుకెళ్తన్నానండి. మిగతాది మీదే కదా, ఉంచుకోండి," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. డబ్బాలోంచి ఒక కాజా తీసి గంగరాజు చేతిలో పెట్టాడు. బస్సు వెళ్లిపోయింది.

కాజా తినడం అయ్యాక గాని గంగరాజు తలెత్తి నన్ను చూడలేదు. పైన కన్నీటి నివాళి. మధ్యలో దండ, దండ మధ్యలో ఆకాశం. కింద శోకతప్త హృదయాలతో అన్న మాట చదివేవాడెవడు, ఇంక కనపడే మొహాలు కళ్లద్దాల వరసే. నివాళి ఎవరికో ఇంక ఎవరూ చదివి తెలుసుకోనక్కర్లేదు.

సాయంత్రానికల్లా మండపేట నుంచి ఆయన బావమరిది పలకరింపుకని ఫోన్ చేసి, ఫోనెత్తింది గంగరాజే అని తెలిసి, మరి సెంటర్లో ఫ్లెక్సీ పడిందన్నారే అన్నాడు. నన్ను దించేయమని మాస్టారు మొత్తుకున్నారు. గంగరాజు ఒప్పుకోలేదు. ఆయనకో వింత కోరిక పుట్టింది. మర్నాడు పొద్దున్నే జ్యూస్ కొట్టులో మూలన, తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. తన కోసం ఎవరాగుతారో, ఎవరేడుస్తారో చూడాలని. నేనూ పైనుంచి చూశాను. జనం వచ్చారు, పోయారు. ఏంటి ఇంతమంది ఒక్కసారే, ఏదైనా టూరుకెళ్లారా అని ఒకడన్నాడు. ఎరువుల కొట్టు ఇవాళ తీసుంటుందా, యూరియా కావాలి అని మరొకడడిగాడు. నర్సాపురం బస్సు వచ్చింది, సెంటర్లో ఎప్పుడూ ఆగేచోటే ఆగింది, ఇద్దరు దిగారు, ముగ్గురెక్కారు, వెళ్లిపోయింది. నడిరోడ్డు మీద ఏ బండీ ఆగలేదు. మూడో గ్లాసు బత్తాయి రసం దగ్గర గంగరాజు లేచి ఇంటికెళ్లిపోయాడు.

లీగ్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లో ఆఖరి ఓవర్ నూకరాజు చేతికిచ్చారు. అవతలివాళ్లకు కావలసిన పరుగులు చాలా తక్కువ. ఒక్కటీ దక్కనివ్వలేదట. ఆ సమయానికి పెద్దిరాజు రాజమండ్రి నుంచి తిరుగు ప్రయాణంలో బస్సు తోలుతున్నాడట. ధనకుమారి ఫోన్లో చూసి, ప్రతి బంతీ గట్టిగా చెబుతూ వచ్చిందట. జ్యూస్ కొట్టులో అనుకుంటుంటే విన్నాను. సంఘంవాళ్ల సంగతి మాత్రం వినక్కర్లేదు, కళ్లారా చూశాను. మనం మొదటిరోజే చెప్పాం కదా అని ఒకళ్ల వీపు ఒకళ్లు తట్టుకున్నారు. మర్నాడే నా ముందు ఇంకో ఫ్లెక్సీ లేచింది. ఈసారి వెనక మెరుపులు. ఆఖరి ఓవర్ మొనగాడు, తణుకు అభిమానుల ఊపిరి అని. నూకరాజు పక్కన గంగరాజు. ఎవరు రవ్వంత పెద్దగా ఉన్నారో నేను చెప్పక్కర్లేదు. నర్సాపురం బస్సు దాని కిందనుంచే రోజూ వెళ్లేది. డ్రైవరు తలెత్తేవాడు కాదు.

నన్ను దించి మునిసిపాలిటీ బండిలో పడేశారు. ఇప్పుడు ఊరి చివర చెత్తగుట్ట మీద వెల్లకిలా పడి ఉన్నాను. అరటితొక్కలు నా కళ్లముందే మట్టిలో కలుస్తున్నాయి, కాగితాలు కలుస్తున్నాయి. నేను కలవను. నేను ప్లాస్టిక్‌ని. మీ చావులు చాటడానికి పుట్టినదాన్ని, నాకు మాత్రం చావు లేదు. నా మీదున్న గంగరాజుకూ లేదు. పేరు నిలిచిపోవాలని ఆయన పడిన తాపత్రయం ఇన్నాళ్లకు తీరింది. మీ మనవలు పోయాక కూడా ఆయన ఇక్కడే, ఈ కంపులోనే, నల్ల కళ్లద్దాలతో నవ్వుతూ ఉంటాడు.

పొద్దుటిపూట చెత్తగుట్ట మీదికి కాకులొస్తాయి. ఎందుకో గాని వాటికి గంగరాజు మొహం మీద వాలడమే ఇష్టం. వచ్చిన ప్రతిదీ ఆయన నెత్తిన ఒక తన్ను తన్ని మరీ ఎగురుతుంది. దోషం పోవాలంటే చావు కబురు పంపాలి. కబురైతే ఎప్పుడో వెళ్లింది, నడి సెంటర్లో తాటికాయలంత అక్షరాలతో వెళ్లింది. ఏడ్చేవాళ్లే ఇంకా రాలేదు.